సీసపు గుండుకి అయిదు పేర్లు

గడిచిన రెండేళ్లలో, నేను పనిచేసి రిటైరైన సర్వే కంపెనీకి ఏడు ఉత్తరాలు రాశాను. మూడు రిజిస్టరు పోస్టులో పంపాను, రెండు స్వయంగా వెళ్లి ఇచ్చాను, రెండు ఈమెయిల్ చేశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చేతికిచ్చిన రెండింటి నకళ్ల మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాను కాబట్టి అందలేదని అనడానికి వీల్లేదు. ద్వారకా నగర్‌లో ఆ ఆఫీసు మెట్లెక్కితే, నేను ఉద్యోగంలో చేరేనాటికి పుట్టని ఒక అమ్మాయి "ఏ పని మీద వచ్చారంకుల్?" అని అడుగుతుంది, కుర్చీ చూపిస్తుంది, గంటన్నర తర్వాత సార్ మీటింగులో ఉన్నారంటుంది. ముప్పై ఒక్క సంవత్సరాలు ఆ కంపెనీ కోసం సముద్రం లోతులు కొలిచాను. వీడ్కోలు సభలో నా ఇంటిపేరు తప్పు చదివారు. అదీ మర్చిపోలేదు. అయితే ఈ రాత దాని గురించి కాదు.

ఎల్లాజీ అనే మనిషి సర్వీసు కాగితం మీద ఉన్న ఒక వాక్యం గురించీ, దాని కింద ఉన్న నా సంతకం గురించీ రాస్తున్నాను. మా పని తెలియనివారి కోసం మొదటి నుంచి చెప్తాను.

ఇరవై ఏళ్ల కిందటి మాట. నవంబరు మొదటి సోమవారం నాకు ఆర్డరు అందింది. విశాఖ తీరంలో ఒక ప్రైవేటు జెట్టీ ముందు డచ్ కంపెనీ ఒకటి పూడిక తీస్తోంది. ఆ పని అయ్యాక లోతులు కొలిచి, ఓడలు రావచ్చునని ధ్రువపత్రం ఇవ్వాలి. దానికి నేను సర్వేయర్ ఇన్‌ఛార్జిని. ఆ రోజుల్లో ఉక్కునగరంలో మా బావమరిది క్వార్టర్‌లో ఉండేవాణ్ణి. ఉదయం షిఫ్టు బస్సులు కదిలే వేళకి నేనూ బయల్దేరి ఏడింటికల్లా లాంచి దగ్గర ఉండేవాణ్ణి.

లాంచిలో నలుగురం. దాన్ని నడిపే సారంగు అప్పన్న. సీసపు గుండు వేసి లోతు చెప్పే లెడ్స్‌మన్ ఎల్లాజీ. జాలరి కుటుంబంవాడు, అప్పటికి మా కంపెనీలో పద్దెనిమిదేళ్ల సర్వీసు. పూడిక తీసే కంపెనీ తరఫున హెండ్రిక్ అనే డచ్ సర్వేయరు. నాలుగోవాణ్ణి నేను.

లోతు రెండు రకాలుగా కొలుస్తాం. లాంచి అడుగున బిగించిన యంత్రం నీటిలోకి శబ్దాన్ని పంపుతుంది. అది నేలకి తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు లెక్క కడుతుంది. ఎకో సౌండర్ అంటాం. పని తొందరగా అవుతుంది, రీడింగు కాగితం మీద గీతగా పడుతుంది. కాని జెట్టీ గోడకి దగ్గరగా వెళ్లేసరికి శబ్దం గోడకి కూడా తగిలి తిరిగొస్తుంది, గీత చెదిరిపోతుంది. గోడ వెంట ఉండే ఆ రెండు మూడు మీటర్ల పట్టీలో పాత పద్ధతే గతి. నూలు తాడు చివర మూరెడు పొడుగున్న సీసపు గుండు. తాడుకి మీటరుకొక తోలు ముక్క, అయిదు మీటర్లకొక ఎర్ర గుడ్డ. గుండు అడుగున చిన్న గుంట ఉంటుంది. అందులో బట్టల సబ్బు నొక్కిపెడతారు. గుండు నేలకి తగిలితే అక్కడున్నది బురదో, ఇసుకో, గుల్లలో సబ్బుకి అంటుకుని పైకొస్తుంది.

మొదటి రోజు హెండ్రిక్ ఆ గుండుని రెండు చేతులా పట్టుకుని బరువు చూశాడు. చాలా కాలానికి చుట్టం కనిపించినట్టు ముఖం పెట్టి ఒక మాట అన్నాడు. వినడానికి 'లోట్' అన్నట్టుంది. వాళ్ల భాషలో సీసానికీ, ఈ గుండుకీ అదే మాటట.

ఎల్లాజీ చెవి రిక్కించి, "మన లోతే బాబూ. దొర సముద్రం దాటించి తోక కోసేసినాడు" అన్నాడు.

"పోయిన తోక ఆలదగ్గరే ఉంటాది, అడుగు బావా" అన్నాడు అప్పన్న స్టీరింగు వదలకుండానే.

మన లోతుకీ ఆ మాటకీ ఏ సంబంధమూ లేదు. వినడానికి దగ్గరగా ఉన్నంత మాత్రాన చుట్టరికం కలపకూడదని తర్వాత నిఘంటువులు చూసినప్పుడు తెలుసుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు ఆసక్తి కలిగింది. మా యంత్రం జర్మనీలో తయారైంది. దాని పెట్టె మీద అంటించిన రేకు మీద 'ఎకోలోట్' అని ఉంటుంది. ఎనిమిదేళ్లుగా రోజూ చూస్తున్నాను, అర్థమేమిటని ఎప్పుడూ అడగలేదు. హెండ్రిక్ చెప్పాడు: ఎకో అంటే ప్రతిధ్వని, లోట్ అంటే ఈ గుండే. డచ్చిలోనూ ఆ యంత్రాన్ని అలాగే అంటారట. గుండుని పక్కన పెట్టించిన యంత్రం గుండు పేరే పెట్టుకుని తిరుగుతోందన్నమాట. ఆ సాయంత్రమే ఒక నోటుబుక్కు కొని మొదటి పేజీలో ఆ మాట రాసుకున్నాను.

మర్నాడు హెండ్రిక్ ముందు నా పనితనం చూపించాలనుకున్నాను. సర్వేయరు గుండు వేయనక్కర్లేదు, అది లెడ్స్‌మన్ పని. అయినా ఎల్లాజీ చేతిలోంచి తాడు తీసుకున్నాను. శిక్షణలో నేర్చుకున్నదే. కాని తాడు నా గడియారం పట్టీకి చిక్కుకుని, గుండు నీళ్లలో పడకుండా లాంచి అంచుకి కొట్టుకుంది. పెచ్చుగా రంగు ఊడింది.

ఎల్లాజీ నవ్వాడు. "బాబుగోరు నోటుబుక్కు ఇసిరినట్టు ఇసిరేసినారు. గుండు అలగ పోదండి" అన్నాడు. అప్పన్న పగలబడి నవ్వాడు. ఒక్క ముక్క అర్థం కాని హెండ్రిక్ కూడా నవ్వాడు. ఆ పూట నుంచి లాంచి మీద నేను పుస్తకం బాబుని. నా ఎదుట అనేవారు కాదు. అయినా నాకు తెలిసేది. ఆ వారం హెండ్రిక్ తన కంపెనీకి పంపిన రిపోర్టు నకలు నా టేబుల్ మీదికి వచ్చింది. అందులో ఎల్లాజీ పేరు రాయకుండా 'గుండు వేసే మనిషి' అని రాసి, ఇంత ఖచ్చితంగా కొలిచేవాణ్ణి ఎక్కడా చూడలేదన్నాడు. నా పేరు అసలు లేదు.

పని పదిరోజులు సాగింది. యంత్రాన్ని సరిచూడటానికి రోజూ కొన్నిచోట్ల ఎల్లాజీ చేత గుండు కూడా వేయించేవాళ్లం. జెట్టీ ముందు కనీసం పధ్నాలుగు మీటర్లు ఉండాలని షరతు. పోటు వల్ల పెరిగిన నీటిని తీసివేశాక వచ్చే లోతు అది. యంత్రం అన్నిచోట్లా పధ్నాలుగూ ముప్పై చూపించింది, అంటే పధ్నాలుగు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. చివరిరోజు గోడ వెంట పట్టీ మిగిలింది. ఎల్లాజీ లాంచి ముక్కు దగ్గర నిలబడి అయిదడుగులకొకసారి గుండు వేస్తూ లోతు చెప్తున్నాడు, నేను రాసుకుంటున్నాను. పధ్నాలుగూ ముప్పై, పధ్నాలుగూ ముప్పై, పధ్నాలుగూ ఇరవై అయిదు. మూడో నంబరు కట్టుకొయ్య దాటాక గొంతు మారింది.

"బాబూ, ఇక్కడ పదమూడూ ఎనబై. గట్టిగా ఉంది."

మళ్లీ వెయ్యమన్నాను.

"మళ్లీ ఏసినా అదే. సబ్బు సూడండి, తుప్పు. బురద కాదిది. కింద ఏటో ఇనపది ఉంది."

"నీ గుండుకే తుప్పట్టిందేమో సూసుకో బావా" అన్నాడు అప్పన్న.

"సీసానికి తుప్పేటి బావా? నీ బుర్రకి పట్టాల గానీ."

సబ్బు నేనూ చూశాను. ఎర్రటి పొడి, మధ్యలో గీసినట్టు ఒక గాటు. రీడింగు రాసుకున్నాను. అది శనివారం. ఇలాంటప్పుడు నియమం స్పష్టంగా ఉంది. ఒకచోట లోతు తగ్గితే చుట్టూ అడుగుకొకటి చొప్పున మళ్లీ గుండు వేయాలి, అనుమానం తీరకపోతే గజ ఈతగాణ్ణి దింపాలి. సోమవారం ఆ పని చేద్దామని ఆఫీసుకి చెప్పాను.

సోమవారం ఉదయం మేనేజరే జెట్టీకి వచ్చాడు. బయట లంగరేసి ఒక ఓడ ఎదురుచూస్తోందనీ, ఒక్క పాయింటు కోసం సర్వే ఆగితే మాట వస్తుందనీ అన్నాడు. యంత్రం ఎక్కడా తక్కువ చూపించలేదు కదా, తప్పు తాడులో ఉందేమో సరిచూశారా అని అడిగాడు.

ఇక్కడ తాడు గురించి కొంచెం చెప్పాలి. నూలు తాడు తడిస్తే బిగుసుకుని పొట్టిదవుతుంది, ఎండితే సాగుతుంది. అది పనిచేసేది నీటిలో కాబట్టి గుర్తులు తడి తాడు మీదే వేస్తాం. సరిచూడాలన్నా ముందు గంటసేపు సముద్రపు నీటిలో నానబెట్టి, గుండు వేలాడదీసి, తర్వాత ఉక్కు టేపుతో కొలవాలి. మా వృత్తిలో మొదటి నెలలో నేర్పే పాఠం ఇది. ఎండు తాడుని కొలిచి లెక్క కట్టే పొరపాటు కొత్తవాళ్లు కూడా చేయరు.

ఆ తాడు శనివారం మధ్యాహ్నం నుంచి లాంచి కమ్మీ మీద ఎండలో ఆరుతోంది. నేను దాన్ని జెట్టీ మీద పరిపించాను.

"బాబూ, తాడు నానలేదండి" అన్నాడు ఎల్లాజీ. "గంట ఆగండి, నాను తడిపి తెత్తాను."

విన్నాను. మేనేజరు గడియారం చూసుకుంటున్నాడు. నేను ఎల్లాజీకి టేపు రెండో చివర ఇచ్చి పట్టుకోమన్నాను. అతను పట్టుకున్నాడు. తన మీద వేయబోయే తప్పుని కొలిచే టేపుని తనే వంగి, గుర్తు మీద సరిగ్గా ఆనించి పట్టుకున్నాడు.

పధ్నాలుగు మీటర్ల గుర్తు టేపు మీద పధ్నాలుగు మీటర్ల ఇరవై ఎనిమిది సెంటీమీటర్ల దగ్గర పడింది. అంటే తాడు చెప్పినదానికి ఇరవై ఎనిమిది కలపాలి. పదమూడూ ఎనభైకి కలిపితే పధ్నాలుగు దాటింది. షరతు నెరవేరింది.

ఇంకో విషయం కూడా నాకు అప్పుడే తెలుసు. ఆ లెక్క నిజమైతే ఎల్లాజీ చెప్పిన అన్ని లోతులకీ ఇరవై ఎనిమిది కలపాలి. అలా కలిపితే, గుండూ యంత్రమూ రెండూ కొలిచిన చోట్ల వాటికి పొంతన కుదరదు. కలపకుండా ఉంటేనే రెండూ ఒకటే చెప్పాయి. తాడు సరైనదేనని చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు. రాసుకున్న కాగితాలు నా చేతిలోనే ఉన్నాయి. మేనేజరుకి చూపించలేదు.

ఓడ ఎదురుచూస్తోందని సంతకం పెట్టానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. ఎల్లాజీ "నానలేదండి" అన్నప్పుడు, అందరి ముందూ మళ్లీ నాకు పాఠం చెప్తున్నాడు అనిపించింది. లాంచి మీద వాళ్లు నవ్విన నవ్వు చెవిలో మోగింది. అది మిగతా సగం.

మేనేజరు అక్కడితో ఆగలేదు. తప్పు తాడుతో పది రోజులు కొలిచాడని ఎల్లాజీ సర్వీసు కాగితంలో ఒక వాక్యం ఇంగ్లీషులో రాశాడు: ఇతని లెడ్‌లైన్ రీడింగులు నమ్మదగినవి కావు. పరీక్ష చేసిన అధికారిగా కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఎల్లాజీని లాంచి మీంచి దింపి స్టోర్సు గేటు దగ్గర వేశారు. కాగితంలో ఏముందో అతనికి ఎవరూ చదివి చెప్పలేదు.

నేను సంతకం పెట్టిన పదకొండో రోజున ఆ గోడ పక్కన కట్టిన ఓడ, ఆటు సమయంలో అడుగున దేనికో ఒరుసుకుంది. ఓడ అడుగు ఉక్కు ప్లేటు ఒకటి లోపలికి నొక్కుకుపోయింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. విచారణకి మా తరఫున నన్ను పంపారు. ఆ ఓడ ఛీఫ్ ఆఫీసరు స్వీడన్ దేశస్థుడు, వయసైనవాడు, మెత్తగా మాట్లాడేవాడు. గోడ పక్కన గుండు వేశారా అని అడుగుతూ, ఇంగ్లీషు మాట నోటికి రాక ఒక్క క్షణం తడుముకుని, తన మాటే అనేశాడు: 'లూడ్'. గదిలో మిగతావాళ్లు ముఖాలు చూసుకున్నారు. నాకు అర్థమైంది. ఆ రాత్రి నోటుబుక్కులో ఎక్కించాల్సిన మాట అని కూడా తోచింది. మనిషి బుద్ధి అలా ఉంటుంది.

"వేశాం. తాడులో లోపం ఉందని తేలింది" అన్నాను.

గజ ఈతగాడు దిగి చూస్తే, ఓడలు గోడకి ఒరుసుకోకుండా కట్టే పాత ఫెండరు తాలూకు ఇనుప చట్రం ఒకటి నిటారుగా కూరుకుని ఉంది. ఓడలకి ఎత్తేటప్పుడు ఒలికిపోయిన ఖనిజం దాని చుట్టూ గట్టిపడింది. ఎల్లాజీ గుండు తగిలింది ఆ చట్రం భుజానికి. దాని కొస ఇంకా పైకి ఉంది. నియమం ప్రకారం చుట్టూ కొలిచి ఉంటే ఆ ఉదయమే దొరికేది. సర్వే అయిన తర్వాత పడి ఉంటుందని మా కంపెనీ రాసింది. పదకొండు రోజుల్లో ఖనిజం అలా గట్టిపడదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ తర్వాత నేను ఆ మాట వెంట పడ్డాను. ఎందుకని ఎవరైనా అడిగితే చదువు మీద ఇష్టమనేవాణ్ణి. సెలవుల్లో లైబ్రరీకి వెళ్లి నిఘంటువులు తిరగేశాను, రేవుకొచ్చిన ఓడల వాళ్లని అడిగాను. ఇంగ్లీషులో లెడ్, డచ్చిలో లోట్, జర్మన్‌లో లోట్, స్వీడిష్‌లో లూడ్, డానిష్‌లో లోద్. అయిదూ ఒకే తల్లి పిల్లలు. కాని పెరిగిన ఇళ్లు వేరు. ఇంగ్లీషులోనూ డచ్చిలోనూ ఆ మాటకి ఇప్పటికీ సీసమనే అర్థం. జర్మన్‌లోనూ స్వీడిష్‌లోనూ లోహానికి వేరే మాట వచ్చి కూర్చుంది, పాత మాట బరువుకీ గుండుకీ మిగిలిపోయింది. జర్మన్లు గోడ నిలువు చూడటానికి తాపీమేస్త్రి కట్టే తూకపు గుండునీ అలాగే అంటారు, అతుకు వేసే లోహాన్నీ అలాగే అంటారు, పాతకాలంలో ఒక చిన్న తూనికరాయిని కూడా అలాగే అనేవారు. వ్యవహారం సవ్యంగా ఉందని చెప్పడానికి అంతా లోట్‌లో ఉంది అంటారు, తూకపు గుండుకి సరిగ్గా ఉందని. డచ్చిలో నీటి గొట్టాలు వేసేవాడి పేరుకి సీసం పోసేవాడని అర్థం. అసలు ఆ మాట వీళ్లది కాదనీ, ముందుగా సీసం కరిగించడం తెలిసిన పొరుగు జాతి కెల్టుల దగ్గర తీసుకున్నదనీ పండితులు కొందరంటారు. ప్రవహించడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చి ఉండొచ్చునని ఇంకో ఊహ. సీసం తొందరగా కరిగి పారుతుంది కదా.

ఇదంతా పది పేజీల వ్యాసంగా రాసి కంపెనీ వార్షిక సంచికకి ఇచ్చాను. నాలుగు పేజీలకి కుదించి, చివరి పేజీల్లో, క్యాంటీన్ ప్రకటన పక్కన వేశారు. అందులో ఒక తప్పు కూడా దొర్లింది. రేవులోకి ఓడని నడిపించే పైలట్‌ని డచ్చిలో లోట్స్ అంటారు. లోతు చూసుకుంటూ నడిపేవాడు కాబట్టి అది గుండు నుంచి పుట్టిన మాట అని రాశాను. కాదు. అది దారి అనే అర్థమున్న ఒక పాత ఇంగ్లీషు మాట నుంచి వచ్చింది. దారి తెలిసినవాడు అని. సవరణ పంపితే వేయలేదు. ఆ సంపాదకుడు ఎదురుపడినప్పుడల్లా గుర్తు చేశాను. చివరికి అతను నన్ను చూస్తే లిఫ్టు ఎక్కకుండా మెట్లు ఎక్కేవాడు.

అయితే ఆ వ్యాసంలో నిజమైన లోటు అది కాదని ఇప్పుడు తెలుస్తోంది. హెండ్రిక్ గురించి రాశాను, స్వీడన్ ఆఫీసరు గురించి రాశాను, కెల్టుల గురించి రాశాను. పద్దెనిమిదేళ్లు ఆ గుండు వేసి, నాకు లోతులు చెప్పిన మనిషి పేరు రాయలేదు. సంపాదకుడు కొట్టేశాడని చెప్పడానికి లేదు. నేను రాసిన పది పేజీల్లోనే అది లేదు.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం ఎల్లాజీ మా ఇంటికి వచ్చాడు. జుట్టు తెల్లబడింది, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. అచ్యుతాపురం వైపు ఓడపనులు నేర్పే శిక్షణ కేంద్రం ఒకటి పెట్టారు. పాఠ్యక్రమంలో ఇప్పటికీ లెడ్‌లైన్ ఉంది. యంత్రం ఆగిపోతే గుండే కదా. చేత్తో వేసి చూపించగలిగేవాడు ఒకడు కావాలని వెతుకుతుంటే, అప్పన్న ఇతని పేరు చెప్పాడు. ఎల్లాజీ వెళ్లి మూడుసార్లు గుండు వేసి చూపించాడు. వాళ్లకి నచ్చింది. సర్వీసు సర్టిఫికెట్ తెమ్మన్నారు. కంపెనీ ఇచ్చింది, ఆ వాక్యంతో సహా.

"ఇందులో ఏటి రాసినారో సదివి సెప్పండి బాబూ" అన్నాడు. "అంతదాకా మాస్టారూ మాస్టారూ అన్నోలు, కాయితం సూసి మొహం మార్చేసినారు."

చదివాను. నా సంతకం నాకు కనిపిస్తూనే ఉంది. తెలుగులో చెప్పాను.

ఎల్లాజీ "మీరేనా బాబూ రాసింది?" అన్నాడు.

"రాసింది మేనేజరు. సంతకం నాది."

"తాడు ఎండున్నాదని మీకు తెలుసు గదా?"

"తెలుసు."

"మరి?"

అప్పటికి పద్దెనిమిదేళ్లుగా దాచుకున్నది కదా, చెప్పేశాను. లాంచి మీద నేను వేసిన గుండు అంచుకి కొట్టుకున్నప్పుడు నువ్వు నవ్వావు, నోటుబుక్కు విసిరినట్టు విసిరానన్నావు అని.

ఎల్లాజీ నన్ను వింతగా చూశాడు. "ఎప్పుడు బాబూ?" అన్నాడు. ఎంత చెప్పినా గుర్తు రాలేదు. "గుండు కొత్తగా ఏసిన పెతోడికీ అలగే కొట్టుకుంటాది. మా నాన్న నన్ను సూసి ఇంకా ఎక్కువ నవ్వినాడు" అన్నాడు. కాఫీ తాగకుండా లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "పోనీండి. ఆ మాట కొట్టేయించగలరేటి? నాకు ఆ పని సేయాలనుంది. సేతులు ఇంకా బాగున్నాయి" అన్నాడు.

కొట్టేయిస్తానన్నాను. ఆ వారమే మొదటి ఉత్తరం రాశాను. రెండో ఉత్తరంతో పాటు నా వాంగ్మూలం నోటరీ చేయించి జతచేశాను: పరీక్ష చేసింది నేనే, తాడు ఎండుగా ఉందని తెలిసే చేశాను, ఆ రీడింగు సరైనదని గజ ఈతగాడి రిపోర్టు చెప్తోంది అని. ఆ రోజు రాసుకున్న లోతుల కాగితం నకలు మూడో ఉత్తరంతో పంపాను. ఒకసారి ఎల్లాజీ ఇంటికి వెళ్తే అతని భార్య చేపలు ఆరబెడుతూ, "ఏటి బాబూ, ఆల్లకి సదువు రాదేటి, ఇన్ని ఉత్తరాలు ఏసినా?" అంది. నాకు జవాబివ్వని మనుషుల మీద ఎన్నో ఏళ్లుగా ఫిర్యాదులు రాశాను. ఇంక్రిమెంటు గురించి, కుర్చీ గురించి, వ్యాసం గురించి. అవన్నీ ఒక ఫైలులో చేరి, నన్ను ఎప్పుడూ ఏదో ఒకటి రాసే ముసలాడిగా చేశాయని నాకు తెలుసు. న్యాయమైన ఉత్తరం రాయాల్సి వచ్చేనాటికి నా ఉత్తరం విప్పేవాడే లేడు. దానికీ బాధ్యత నాదే.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. ఒక రీడింగు నచ్చనప్పుడు మళ్లీ అక్కడే గుండు వేయాలి. సరిచూడాల్సింది తాడునే అయితే దాన్ని పని చేసే స్థితిలోనే సరిచూడాలి. ఆ సమయంలో కొలిచినవాడు తనని ఏమన్నాడో సర్వేయరుకి గుర్తు రాకూడదు. వస్తే ఆ పని ఇంకొకరికి అప్పగించాలి. ఇవి పుస్తకంలో ఉన్న నియమాలే, చివరిది తప్ప.

శిక్షణ కేంద్రంవారు ఆ చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. జూన్‌లో కొత్త బ్యాచి మొదలవుతుందనీ, అప్పటిదాకా చూస్తామనీ చెప్పారు. కాబట్టి ఎనిమిదో ఉత్తరాన్ని ఇలా పదిమందీ చదివేలా రాస్తున్నాను. ఆ ఆఫీసులో గాజు తలుపు వెనక కూర్చున్నవారిని అడుగుతున్నాను. తప్పు పరీక్ష చేశానని ఒప్పుకోవడానికి నేను బతికే ఉన్నాను. లోతుల కాగితం మీ దగ్గర ఉంది. గజ ఈతగాడి రిపోర్టు మీ దగ్గర ఉంది. ఎల్లాజీ సర్వీసు కాగితంలో ఆ వాక్యాన్నీ దాని కింద నా సంతకాన్నీ కొట్టేస్తారా, కొట్టేయరా? కొట్టేయం అనేటట్టయితే ఎందుకో చెప్పండి. ఎవరో ఒకరు పేరు రాసి, సంతకం పెట్టి, జవాబివ్వండి. నాకు అక్కర్లేదు, అతని ఇంటికి పంపండి. చదివి చెప్పడానికి నేను వెళ్తాను.